దారి అడగనివాళ్ళు

కౌంటీ జైలు, మసాచుసెట్స్
అక్టోబరు 2003

ప్రియమైన ఊన్ మాలిస్,

నవ్వకు. నువ్వు నాకంటే ఐదేళ్ళు పెద్ద. వరస ప్రకారం నేనే నిన్ను 'బాంగ్' అని పెద్దరికమిచ్చి పిలవాలి. అయినా మొగుణ్ణి కదా. గాజు పలకకి ఇవతల కూర్చున్నా మొగుణ్ణే. అందుకని చిన్నదాన్ని పిలిచినట్టు 'ఊన్' అనే పిలుస్తాను.

మొన్న నువ్వు చూడ్డానికి వచ్చినప్పుడు ఆ ఫోను చెవికి పెట్టుకుని, తిన్నావా అంటే తిన్నావా అని ఒకరినొకరం అడగడంతోనే మనకిచ్చిన సమయం అయిపోయింది. అందుకే ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉంది, చివర్లో చెబుతాను.

ఇక్కడ నాతో మన కంబోడియా ఖ్మేర్‌వాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. ముగ్గురిదీ ఒకటే కథ. ఏడాదికోసారి ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టి వచ్చేవాళ్ళం. ఈసారి వెళ్తే వెనక తలుపు మూసుకుంది. పందొమ్మిదేళ్ళ వయసులో వీధిలో చేసిన కొట్లాటకి జైల్లో ఉండి వచ్చాను, అక్కడితో తీరిపోయిందనుకున్నాను. పౌరసత్వం లేనివాడికి అలా తీరదట. మా అమ్మ నన్ను చంకనేసుకుని దాటి వచ్చిన దేశానికి తిప్పి పంపుతారట. లాయరు నోటితో ఇంకా ఆశ ఉందంటున్నాడు గానీ, ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడ్డం లేదు.

అసలు సంగతికి వస్తాను. నీ ఫ్యాక్టరీ వేసవికల్లా మూసేస్తారని నువ్వే అన్నావు. పని పోయినవాళ్ళకి మన కాలేజీలో చదువు ఉచితం. నువ్వు చేరు. ముప్పై మూడేళ్ళకి ఏం చదువని అనకు. ఆ కాలేజీకి తాతలు కూడా వస్తారు. పెద్ద గుమ్మం నుంచి మాత్రం వెళ్ళకు. అక్కడ అన్నీ అద్దాలే, మన మొహం మనకే కనబడి భయమేస్తుంది. బస్సు ఆగేచోట పక్కన చిన్న తలుపుంటుంది. లోపలికి అడుగుపెడితే కాఫీ వాసన వస్తుంది. ఆ వాసన పట్టుకుని వెళ్తే కొత్తవాళ్ళ బల్ల. అక్కడ మిస్ లుర్దెస్ ఉంటుంది. గొంతు వింటే తిడుతోందనుకుంటావు. కాదు, ఆవిడ మాట్లాడడమే అంత.

ఏడాదిపాటు ఆ బల్ల దగ్గర కూర్చుని ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ గదులు చూపించాను. నా పెళ్ళాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే రోజు వచ్చేసరికి నా చేతులు ఇక్కడున్నాయి.

రెండో కారణం ఇదీ. నేను ఖ్మేర్ మాట్లాడగలనే గానీ చదవలేను. కాబట్టి నువ్వు నాకు ఇంగ్లీషులోనే జవాబు రాయాలి. రాస్తే రాయడం వస్తుంది. దావీకి నా ముద్దులు.

నీ
కొసల్


లోవెల్
నవంబరు 2003

ప్రియమైన బాంగ్ కొసల్,

తప్పులుంటాయి. కొన్ని దావీ దిద్దింది. ఏడేళ్ళ పిల్ల నన్ను తిడుతూ దిద్దింది.

కాలేజీకి వెళ్ళాను. చిన్న తలుపు దొరికింది. కాఫీ వాసన దొరికింది. లోపల పిల్లలు చాలామంది ఉన్నారు. అందరూ తొందరగా నడుస్తున్నారు. ఒక అమ్మాయి నా దగ్గర ఆగింది. "మీ అమ్మాయి కోసం వచ్చారా?" అని అడిగింది. మంచి పిల్ల. అవును అన్నాను. నాకు బెంచీ చూపించింది. కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఇంటికి వచ్చేశాను.

బల్లని దూరం నుంచి చూశాను. నీ కుర్చీ ఏదో తెలియలేదు.

దావీ స్కూల్లో నాన్న పనిమీద ఊరెళ్ళాడని చెబుతోందట. నేను నేర్పలేదు.

దుప్పటి ఇచ్చారా? చలి మొదలైంది.

నీ
మాలిస్


కౌంటీ జైలు
డిసెంబరు 2003

ప్రియమైన ఊన్,

నీ ఉత్తరం పక్క మంచం అతనికి కూడా చదివి వినిపించాను. ఇద్దరం నవ్వాం. తర్వాత అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. కాలేజీలో నా మొదటి రోజు నేను ఏం చేశానో తెలుసా? ఇళ్ళని వెచ్చగా ఉంచే యంత్రాలు బాగుచేసే క్లాసు అనుకుని పద్దుల క్లాసులో కూర్చున్నాను. ఐదు నిమిషాల్లోనే తప్పు గది అని తెలిసిపోయింది. లేచి వెళ్తే అందరూ చూస్తారని క్లాసంతా కూర్చున్నాను. చేతిమీద పచ్చబొట్లు కనబడకుండా చొక్కా చేతులు కిందికి లాక్కుని, పెన్ను లేకపోయినా రాసుకుంటున్నట్టు నటించాను. బయటికొస్తుంటే మిస్ లుర్దెస్ పట్టుకుంది. నా చేతిలో కాగితం చూసింది. "నాయనా, నువ్వు తప్పిపోయావు. రేపటి నుంచి నా దగ్గర కూర్చో, నీలాంటివాళ్ళని నువ్వే పట్టుకోగలవు" అంది. నాకు ఆ పని అలా వచ్చింది.

ఆ బల్ల దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే. కొత్తగా వచ్చినవాళ్ళు దారి అడగరు. టైమెంతైందని అడుగుతారు. బాత్రూం ఎటని అడుగుతారు. ఇవాళ వానొస్తుందంటారా అని అడుగుతారు. అవన్నీ దారి అడగడమే. నువ్వు అదైనా అడగాల్సింది. అడక్కుండా బెంచీ మీద కూర్చుని వచ్చేశావు. జనవరిలో మళ్ళీ వెళ్ళు. వెళ్ళగానే ఒక పరీక్ష పెడతారు, ఇంగ్లీషూ లెక్కలూ. అందులో తప్పడం, గెలవడం ఉండవు. నిన్ను ఏ మెట్టు మీద నిలబెట్టాలో చూసుకోవడానికే. కింది మెట్టు వస్తే సిగ్గుపడకు, నాకూ అదే వచ్చింది. క్లాసులో వెనక వరసలో కూర్చోకు. అర్థంకాకపోతే పంతులుగారి గదికి వెళ్ళి తలుపు కొట్టు. వాళ్ళు వారానికి కొన్ని గంటలు అందుకే ఖాళీగా కూర్చుంటారు, ఎవరూ వెళ్ళరు.

ఇక నా సంగతి. అక్కడి ప్రభుత్వం నా కాగితాలు ఒప్పుకుందట. చలికాలం దాటేలోపు పంపేస్తారు. లాయరు రావడం మానేశాడు.

ఊన్, ఆ దేశం గురించి నాకు ఏమీ తెలియదు. నీకు తెలుసు. పద్నాలుగేళ్ళు వచ్చేవరకు అక్కడే పెరిగావు. నేను కాలేజీ గురించి నీకు చెప్పినట్టు నువ్వు నాకు చెప్పు. విమానం దిగి మొదట ఎటు తిరగాలో కూడా తెలియనివాడికి చెబుతున్నట్టు చెప్పు.

నీ
కొసల్


లోవెల్
ఫిబ్రవరి 2004

ప్రియమైన బాంగ్,

చేరాను. నువ్వన్న పరీక్షలో కింది మెట్టే వచ్చింది. మొదటి రోజు బల్ల దగ్గరికి వెళ్ళి, వానొస్తుందా అని అడిగాను. బయట మోకాటి లోతు మంచు ఉంది. మిస్ లుర్దెస్ కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "నువ్వు కొసల్ భార్యవి" అంది. ఎలా తెలిసిందంటే చెప్పలేదు. నన్ను తనే గదిదాకా తీసుకెళ్ళింది. దారిపొడుగునా నిన్ను తిడుతూనే ఉంది. నువ్వు నీ బల్ల అరలో చాక్లెట్లు పెట్టి మర్చిపోయావట, చీమలు పట్టాయట. తిడుతూ తిడుతూ గది ముందు ముక్కు తుడుచుకుంది.

ఈ ఉత్తరం దావీ దిద్దలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని నేనే రాశాను.

ఇప్పుడు నీ పాఠం. జాగ్రత్తగా చదువు. చేతులు జోడించడంలో తేడాలున్నాయి. నీ సాటివాళ్ళకి గుండె దగ్గర జోడించు. పెద్దవాళ్ళకి నోటి దాకా ఎత్తు. భిక్షువులకి నుదుటి దాకా. పిల్లల తల నిమరకు, అమెరికా అలవాటు అక్కడ చెయ్యకు. ఎవరింట్లోనైనా కాళ్ళు ఎదుటివాళ్ళ వైపు చాపకు. బజార్లో ఏది కొన్నా మొదట నవ్వు, తర్వాత బేరమాడు. మాటల మధ్య ఇంగ్లీషు కలపకు. నీ ఖ్మేర్ వింటే కోళ్ళు కూడా నవ్వుతాయి, అయినా అదే మాట్లాడు.

రాజధానిలో ఉండకు. బత్తంబాంగ్ వెళ్ళు. అక్కడ మా అమ్మ చెల్లెలు మింగ్ సాన్ ఉంది. కిందటేడు కూడా కబురు పంపింది. ఊరి మధ్య నది ఉంటుంది. పొద్దున్నే నది ఒడ్డున ఆడవాళ్ళు కావిడి గంపల్లో చేపల పులుసు పోసిన సన్న సేమ్యాలు అమ్ముతారు. అరటిపువ్వు తరుగు పైన చల్లించుకో, అడిగితే ఇంకొంచెం వేస్తారు. ఏప్రిల్లో మామిడిపళ్ళు వస్తాయి. పచ్చి మామిడికాయ మిరపకాయ ఉప్పుతో తింటే నీకు నేను గుర్తుకొస్తాను, దావీ నా కడుపులో ఉన్నప్పుడు నీచేత కొనిపించాను కదా, ఊరంతా తిప్పి. వాన మొదలయ్యేముందు మట్టి వాసన వస్తుంది. అది మాటల్లో రాదు, నువ్వే చూడు.

దావీ నీకోసం బొమ్మ వేసింది. విమానం, దానికి కాళ్ళు. నడిచి తిరిగొస్తుందట.

నీ
మాలిస్


బత్తంబాంగ్
మే 2004

ప్రియమైన ఊన్,

వచ్చి పడ్డాను. ఇంత వేడి ఉంటుందని నువ్వు రాయలేదు.

విమానం దిగాక మమ్మల్ని ఒక ఆఫీసులో కూర్చోబెట్టి, ప్రశ్నలడిగి, చివరికి వదిలేశారు. బయటికొచ్చి నిలబడ్డాను. బోర్డులన్నీ ఖ్మేర్‌లో. నా భాషే, ఒక్క అక్షరం రాదు. బండివాడు దగ్గరికొస్తే నీ పాఠం గుర్తు తెచ్చుకుని చేతులు జోడించాను. కంగారులో నుదుటి దాకా ఎత్తేశాను. వెనక భిక్షువెవరైనా ఉన్నాడేమోనని అతను తిరిగి చూశాడు.

నా పచ్చబొట్లు చూసి బజార్లో ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కుంటున్నారు. నోరు తెరిస్తే నవ్వుతున్నారు. లోవెల్లో నేను కంబోడియావాణ్ణి, ఇక్కడ అమెరికావాణ్ణి. తప్పు గదిలో కూర్చున్నానని తెలుస్తూనే ఉంది ఊన్. లేచి వెళ్ళడానికి ఈసారి ఇంకో గది లేదు.

నువ్వు చెప్పినట్టే మింగ్ సాన్ ఇంటికి వచ్చాను. నన్ను చూసి మొదటి మాట, "తిన్నావా బాబూ" అంది. ఆ మాటకే గడప మీద కూర్చుండిపోయాను. వాళ్ళింటి వెనక గుడిసెలో ఉంటున్నాను. నది నువ్వు చెప్పినట్టే ఉంది. సేమ్యాలు నువ్వు చెప్పినదానికంటే బాగున్నాయి. మామిడికాయ తిన్నాను. గుర్తుకొచ్చావు.

ఒక మాట అడుగుతాను. మింగ్ సాన్ ఇంటి ముందు నుంచి కాలువ గట్టు పోతుంది కదా, నేను రోజూ ఆ గట్టు మీద నుంచే బజారుకి వెళ్తాను. మొన్న ఆవిడ నాతో నడుస్తూ ఒకచోట ఆగి, "మాలిస్ తమ్ముడు ఇక్కడే" అంది. నీకు తమ్ముడున్నాడని ఎనిమిదేళ్ళ కాపురంలో నాకు తెలియదు. ఇంకేమీ చెప్పలేదు ఆవిడ. ఎవరు ఊన్ అతను?

కాలేజీ కబుర్లు రాయి. అవి చదివితే నిద్ర పడుతుంది.

నీ
కొసల్


లోవెల్
సెప్టెంబరు 2004

ప్రియమైన బాంగ్,

ఆలస్యానికి కోపగించుకోకు. ఎన్నో జరిగాయి. ఫ్యాక్టరీ మూసేశారు. చివరి రోజు అందరికీ కేకు పెట్టారు. నేను తినలేదు, దావీకి తెచ్చాను. ఇంగ్లీషు రెండు మెట్లు ఎక్కాను. ఇప్పుడు దంతవైద్యుల దగ్గర సహాయం చేసే కోర్సు చదువుతున్నాను, వచ్చే మేలో పట్టా వస్తుంది.

ఇంకొకటి, కూర్చుని చదువు. మిస్ లుర్దెస్ నన్ను నీ కుర్చీలో కూర్చోబెట్టింది. రోజూ కొన్ని గంటలు. మొదటివారం అన్నీ కాగితం చూసే చెప్పాను. "మీ ఆయనైతే ఈపాటికి ముగ్గుర్ని నవ్వించేవాడు" అని ఆవిడ దెప్పుతుంది. నవ్వించడం నాకు రాదు. కానీ బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నాకు కనబడతారు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చుంటారు చూడు, వాళ్ళు.

ఒకాయన సంగతి చెబుతాను. వాల్దిర్ అని బ్రెజిల్‌వాడు, ఇళ్ళకి పైకప్పులు వేసేవాడు, పడి నడుము దెబ్బ తింది. రోజూ పొద్దున్నే కారు తెచ్చి మా కిటికీ ఎదురుగా ఆపుతాడు. ఇంజను ఆపడు. కాసేపుండి వెళ్ళిపోతాడు. మూడోరోజు వానలో నేను కోటేసుకుని వెళ్ళి అద్దం మీద కొట్టాను. భయపడి, ఇక్కడ ఆపకూడదా, తీసేస్తాను అన్నాడు. ఆపొచ్చు అన్నాను. టైమెంతైందని అడిగాడు. అతని చేతికి వాచీ ఉంది.

"నేను కూడా లోపలికే వెళ్తున్నాను. వానకి మెట్లు జారుతున్నాయి, తలుపు దాకా కాస్త తోడు వస్తారా?" అన్నాను.

అతను ఇంజను ఆపాడు. నాకు తోడు వచ్చాడు. అంతే బాంగ్. ఇప్పుడు ముందు వరసలో కూర్చుంటున్నాడు. ఇవాళ మా బల్ల మీద ఒక పొట్లం పెట్టి పోయాడు, జున్ను పెట్టి కాల్చిన ఉండలు, వాళ్ళావిడ చేసిందట. నువ్వుంటే ఒక్కటీ మిగిలేది కాదు.

నా నిర్ణయం రాస్తున్నాను. మేలో పట్టా చేతికి రాగానే నీ దగ్గరికి వస్తాను. పళ్ళ డాక్టర్లు అక్కడ కూడా ఉంటారు కదా. ముందు నేను వచ్చి ఇల్లు చూసుకుని, తర్వాత దావీని తెచ్చుకుందాం. నేను లేనన్నాళ్ళు దావీని మీ అక్క చూసుకుంటానంది. మనం ఒకచోట ఉండాలి. ఏ చోటైనా ఒకటే.

వానలు పడుతున్నాయా? గొడుగు కొనుక్కో.

నీ
మాలిస్


బత్తంబాంగ్
జనవరి 2005

ప్రియమైన ఊన్,

నీ ఉత్తరం చదివి ఊరంతా తిరిగొచ్చాను. ఎవరికి చెప్పాలో తెలియక సేమ్యాలమ్మే ఆవిడకి చెప్పాను. "మీ ఆవిడ కూడా నీలాగే మాట్లాడుతుందా?" అంది. లేదు, మనిషిలాగే మాట్లాడుతుందన్నాను.

ఇప్పుడు నన్ను చూసి ఎవరూ పిల్లల్ని లాక్కోవడం లేదు. నది పక్కన హోటలు కుర్రాళ్ళకి ఇంగ్లీషు చెబుతున్నాను. వాళ్ళలో ఒకడు నాకు ఖ్మేర్ అక్షరాలు నేర్పుతున్నాడు. నా పేరు రాయగలను. నీ పేరు రాయగలను. దావీ పేరులో ఒక గుణింతం ఇంకా తప్పుతోంది.

గుడిసె వదిలి ఒక గది తీసుకున్నాను. కిటికీ ఉంది. నేనే చెక్క కోసి మంచం చేశాను, ఇద్దరికి సరిపోతుంది. దావీకి పక్కన చిన్నది చేస్తాను, నువ్వొచ్చాక ఎత్తు చెప్పు. ఏడాదిలో ఎంత పెరిగిందో నాకెలా తెలుస్తుంది.

ఇంకో పని కూడా మొదలుపెట్టాను. అమెరికా నుంచి నాలాంటివాళ్ళని పంపినప్పుడల్లా కబురొస్తుంది. బస్సెక్కి రాజధానికి పోయి విమానాశ్రయం బయట నిలబడతాను. కిందటిసారి నలుగురు దిగారు. ఒకడు టెక్సాస్‌లో పెరిగినవాడు, కొండంత మనిషి. నా దగ్గరికొచ్చి మెల్లగా బాత్రూం ఎటు అన్నాడు. చూపించలేదు. ముందు ఆ చేతిలో సంచీ ఇటివ్వు, అన్నం తిందాం పద అన్నాను. రోడ్డు పక్కన కూర్చుని తింటూ ఏడ్చాడు. మిస్ లుర్దెస్‌కి చెప్పు, ఆవిడ బల్ల ఇక్కడ దాకా వచ్చిందని.

నీ తమ్ముడి గురించి అడిగినదానికి జవాబు రాయలేదు నువ్వు. మర్చిపోయావో, రాయకూడదనుకున్నావో. చెప్పాలనిపిస్తేనే చెప్పు. నాకు తొందర లేదు. నువ్వు వస్తున్నావు, అది చాలు.

నీ
కొసల్


లోవెల్
ఆగస్టు 2005

ప్రియమైన బాంగ్ కొసల్,

నీ దగ్గర నుంచి క్షేమంగా ఇల్లు చేరాను. దావీ విమానాశ్రయానికి వచ్చింది. నా సంచీ వాసన చూసి, నాన్న వాసన ఇదేనా అని అడిగింది.

బయల్దేరేటప్పుడు నీతో ఒక మాట అన్నాను. రెండు నెలల్లో దావీని తీసుకుని వచ్చేస్తానన్నాను. రాను బాంగ్. ఈ మాట మొదట్లోనే రాసేస్తున్నాను. చివర్లో పెడితే నువ్వు ఆశతో చదువుతావు.

నీ తప్పేమీ లేదు. నువ్వు చేసిన మంచం బాగుంది. కిటికీ బాగుంది. బస్సు దిగేసరికి నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నావు. నిన్ను చూడగానే నాకు మన పెళ్ళిరోజులాగే గుండె కొట్టుకుంది. ఉన్న ఆ మూడు వారాలూ నీ పక్కన పడుకుని నేను సుఖంగానే ఉన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

నా తమ్ముడి పేరు పొవ్. ఆ నల్లబట్టల సైనికుల రాజ్యంలో మా నాన్నని తీసుకెళ్ళిపోయాక అమ్మనీ నన్నూ వాణ్ణీ ఆ కాలువ దగ్గరికి పంపారు. అప్పుడది కాలువ కాదు, తవ్వుతున్నారు. పిల్లలందరం గంపలతో మట్టి మోసేవాళ్ళం. నువ్వు రోజూ నడిచే గట్టు మేం పోసిన మట్టే. నాకు ఎనిమిదేళ్ళు. పొవ్‌కి ఐదు. వాడి కాళ్ళు వాచిపోయి నడవలేక అమ్మ దగ్గరే ఉండేవాడు. నీళ్ళలో పది మెతుకులు వేసి గంజి అని పోసేవారు. ఒకరోజు మధ్యాహ్నం మట్టి మోసి వచ్చేసరికి అమ్మ గట్టు మీద ఒక్కతే కూర్చుని ఉంది. పొవ్ ఏడీ అని నేను అడగలేదు. ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు. అమ్మ నా ముందు రెండు గిన్నెలు పెట్టింది. "తిను" అంది. నాదీ తిన్నాను, వాడిదీ తిన్నాను. ఆకలి. అమ్మ నా వీపు నిమురుతూ కూర్చుంది.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నీకే కాదు.

నీకు దారి చెప్పమన్నావు. చెప్పడానికి వెతుక్కుంటే మామిడికాయలు దొరికాయి, నది దొరికింది, సేమ్యాలు దొరికాయి. అవన్నీ అబద్ధాలు కావు. నువ్వు బతకాల్సిన ఊరు కదా, మంచివన్నీ ఏరి నీకు పంపాను. పంపుతూ పంపుతూ నేను కూడా నమ్మాను. అక్కడికి వస్తే నాకు కూడా అవే ఉంటాయనుకున్నాను. మొదటిరోజే నువ్వు నన్ను గట్టు మీద నడిపించుకుంటూ తీసుకెళ్ళావు. నువ్వు ఈల వేస్తున్నావు. నీకు తెలియదు కదా. నీ చెయ్యి పట్టుకుని నవ్వుతూనే నడిచాను. రోజూ అలాగే నడిచాను. నీకు ఆ ఊరు ఊరైంది బాంగ్. అక్కడ నీకు నమస్కారం పెట్టేవాళ్ళున్నారు. దాన్ని నీకు చెడగొట్టకూడదని నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెప్పేసి చెడగొడుతున్నాను. క్షమించు. చెప్పకపోతే నీమీద ప్రేమ లేక రాలేదనుకుంటావు.

మిస్ లుర్దెస్ బల్ల దగ్గర నాకు పూర్తి ఉద్యోగం ఇస్తానంది. ఒప్పుకున్నాను. పళ్ళ డాక్టర్ల పట్టా గోడకి ఉంది. వచ్చేవారం కొత్తవాళ్ళు వస్తారు.

నీకు తోడు దొరికితే వద్దనుకోకు. ఆవిడకి నా పేరు చెప్పు, దావీ పేరు చెప్పు, దాచకు. నేను ఉత్తరాలు రాస్తూనే ఉంటాను. నువ్వు రాయకపోయినా రాస్తాను.

నీ
మాలిస్


బత్తంబాంగ్
అక్టోబరు 2005

ప్రియమైన ఊన్ మాలిస్,

ఉత్తరం అందింది. చదివాక చాలా రోజులు ఆ గట్టు ఎక్కలేదు. పొలాల్లోంచి చుట్టూ తిరిగి వెళ్ళాను. తర్వాత మింగ్ సాన్ నన్ను పిలిచి, "వాడు చిన్నపిల్లాడు, నడిచేవాళ్ళుంటే వాడికి బాగుంటుంది" అంది. ఇప్పుడు మళ్ళీ నడుస్తున్నాను. ఆవిడా నేనూ వెళ్ళి ఆ చోట అగరువత్తులు వెలిగించాం. ఈల వెయ్యడం లేదు.

నువ్వు రావని నాకు ముందే తెలుసు. పొవ్ సంగతి తెలియదు గానీ, నువ్వు రావని తెలుసు. ఎలా తెలిసిందో చెబుతాను. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను.

నువ్వొచ్చిన వారం మింగ్ సాన్ మనల్ని భోజనానికి పిలిచింది. గుర్తుందా, చేప వేయించి, బచ్చలి పులుసు పెట్టి, పెద్ద గిన్నెలో అన్నం మన మధ్యనే పెట్టింది. నువ్వు వాల్దిర్ కథ చెబుతున్నావు. కారు అద్దం కొట్టడం నటించి చూపిస్తుంటే ఆవిడ పళ్ళు లేని నోటితో నవ్వుతోంది. నువ్వు కూడా నవ్వుతున్నావు. నవ్వుతూ, మాట్లాడుతూనే, నీ కుడిచెయ్యి పళ్ళెంలోంచి గుప్పెడు అన్నం తీసింది. ఒళ్ళో ఉన్న గళ్ళ తువ్వాలు కొసన పెట్టి, ముడేసి, నడుముకి దోపుకుంది. నువ్వు ఆ చేతివైపు చూడనే లేదు. కథ ఎక్కడా ఆగలేదు. నీకు తెలియదు ఊన్. నీ చెయ్యి ఏం చేసిందో నీకు తెలియదు.

నేను నోరు తెరవబోయాను. మింగ్ సాన్ నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. నువ్వు చెయ్యి కడుక్కోవడానికి లేచాక అంది, "ఏమీ అనకు బాబూ. ఇక్కడి నుంచి వెళ్ళిపోయినవాళ్ళు తిరిగొస్తే అంతే. ఆ దేశంలో మానేసి ఉంటుంది. ఇక్కడి గాలి తగిలేసరికి చేతికి ఆ ఆకలి రోజులు గుర్తొచ్చాయి."

మర్నాడు తువ్వాలు ఉతుకుతూ, ఈ ఊళ్ళో చీమలెక్కువ అని విసుక్కున్నావు. ఆ తర్వాత కూడా రెండుమూడుసార్లు చూశాను. ఆ దేశంలో మన ఇంట్లో అన్నేళ్ళు నీ ఎదురుగా కూర్చుని తిన్నాను, ఒక్కసారి కూడా నువ్వలా చెయ్యలేదు.

నిన్ను ఇక్కడే ఉండిపొమ్మని అడగాలని నెలల నుంచి మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. అడగలేదు. రెండు నెలల్లో వస్తానని నువ్వంటే, సరే జాగ్రత్తగా రా అన్నాను. బస్సు కదిలాక ఆ మంచం మీద కూర్చుని, ఇది ఒక్కడికి పెద్దదేనని అనుకున్నాను.

తోడు సంగతి ఎత్తకు. ముందు ముందు ఏమవుతుందో నాకు తెలియదు. ఇప్పుడు మాత్రం ఎత్తకు. దావీ పెద్దదై రావాలనుకుంటే పంపు. ఆ గట్టు మీద నడిపిస్తాను, వాళ్ళ మామయ్య పేరు చెబుతాను. ఇక్కడ ఎవరో ఒకరు ఆ పేరు పైకి అనాలి కదా.

రేపు రాజధానికి వెళ్ళాలి. ఇంకో ముగ్గురు దిగుతున్నారట. అక్కడ నీ బల్ల దగ్గర కూడా ఈ రోజుల్లో జనం ఎక్కువే ఉంటారు. పని ఎంతున్నా వేళకి ఇంటికి పో. దావీ పక్కన కూర్చుని కడుపునిండా తిను. పళ్ళెంలో మిగిలితే మిగలనీ, ఊన్. అలాగే వదిలేసి లే.

నీ
కొసల్